ఐలయ్య వేసవి కత్తెర

సిద్దిపేట పాత బస్టాండు వెనుక సందులో, మిర్చిబజ్జీల బండికీ సైకిళ్ళు బాగుచేసే దుకాణానికీ నడుమ, ఒకే కుర్చీ గల చిన్న క్షౌరశాల ఉన్నది. దానికి యజమానీ పనివాడూ ఐలయ్యే. ముప్పై ఒక్క సంవత్సరాలుగా నా తల ఆయన చేతిలో ఉన్నది. ప్రతి ఏటా వేసవి గడిచి, తొలివాన పడి, మట్టి చల్లబడిన నాడు, ఆ ఎండలను నాకు తేలిక చేసినవారిని ఒక్కొక్కరినే తలచుకోవడం నాకు అలవాటు. ఐలయ్య పేరు ఆ వరుసలో ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఉండేది. నిరుటి వేసవి తరువాత అది మొదటికి వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పవలసిన బాధ్యత నాకున్నది.

తక్కిన దుకాణాలలో గోడల నిండా తలకట్ల బొమ్మలుంటాయి. వచ్చినవాడు ఒకదానిని వేలితో చూపి, అట్లా కావాలంటాడు. ఐలయ్య గోడ మీద అద్దమూ క్యాలెండరూ తప్ప మరేమీ లేవు. వానకాలంలోనూ చలికాలంలోనూ ఎవరు ఎట్లా కోరితే అట్లా కత్తిరిస్తాడు గాని, ఉగాది దాటిందంటే ఇక ఎవరినీ ఏమీ అడగడు. తెల్లగుడ్డ మెడకు చుట్టి, కుడి అరచేతిని మాడు మీద ఆనించి, జ్వరం చూసే వైద్యుని వలె కొంతసేపు ఊరకుంటాడు. తరువాత చెవుల వెనుక, మెడ మీద, నుదుటి అంచున చర్మం ఎట్లా ఉన్నదో చూస్తాడు. ఆ మనిషి ఏ పని చేస్తాడు, ఎండ అతనిని ఏ దిక్కు నుండి పట్టుకొంటుంది, తల మీద ఏమి మోస్తాడు, ఏమి చుట్టుకొంటాడు అన్నది ఆ చూపులోనే తేల్చుకొంటాడు. కత్తెర తీసేది ఆ తరువాతనే.

బాలరాజు సంగతి చెబితే ఆయన పద్ధతి తెలుస్తుంది. బాలరాజు బస్సు డ్రైవరు. ఐదారేండ్ల కింద ఒక ఏప్రిల్ నెలలో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"బాలరాజు, నీ కుడిచెవి మాడిన రొట్టె లెక్కయింది. ఎడమది మంచిగనే ఉన్నది. ఏ దారి నడుపుతున్నవ్?" అన్నాడు ఐలయ్య.

"కరీంనగర్ దారి. పొద్దుగాల పోత, మాపటికి తిరిగొస్త."

"గదే మరి. పోంగ పొద్దు నీ కుడిదిక్కే, రాంగ పొద్దు నీ కుడిదిక్కే. ఎడమచెవికి రోజూ సెలవు."

ఆనాడు కుడివైపు వెంట్రుకలను చెవి మీదికి వేలెడు విడిచి, ఎడమవైపు పొట్టిగా కత్తిరించాడు. బాలరాజు అద్దంలో ఇటు చూసుకొన్నాడు, అటు చూసుకొన్నాడు.

"అన్నా, కండక్టరమ్మ నవ్వుతదే."

"నవ్వనీ. ఆమె కూసునేది ఎడమదిక్కు."

పది దినాలకు చెవిమంట తగ్గింది. నాటి నుండి ప్రతి వేసవిలోనూ బాలరాజు తల ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా ఉంటుంది. అతడు దానిని గురించి ఎవరికీ సంజాయిషీ చెప్పడు.

నా సంగతి వేరు. నా నడినెత్తి ఏనాడో ఖాళీ అయినది. అయినా ఎండలో కళ్ళజోడు కాడలు కాలి కణతలకు చురుక్కున తగులుతాయని గ్రహించి, సరిగ్గా ఆ కాడల కింద పలుచని వెంట్రుకల పట్టీ ఒకటి విడిచేవాడు. నేను అడిగింది కాదు. నలభై ఏండ్లు కళ్ళజోడు పెట్టుకొన్న నాకు తట్టని ఉపాయం అది. ఇప్పటికీ మే నెలలో బజారుకు పోయి వచ్చి కళ్ళజోడు తీసినప్పుడల్లా ఆ మేలు గుర్తుకు వస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినడు. ఎండాకాలంలో గుండు చేయడు. మోటారు సైకిళ్ళ మీద తిరిగే కుర్రవాళ్ళు ఇద్దరో ముగ్గురో ప్రతి వేసవిలోనూ వచ్చి అడుగుతూనే ఉంటారు.

"కాకా, గుండు కొట్టు. సల్లగుంటది."

"ఇంటి కప్పు పీకేస్తె ఇల్లు సల్లగుంటదారా? దసరకు రా, కొడుత."

ఈ పట్టుదల వెనుక ఒక కథ ఉన్నది. ఐలయ్య పుట్టింది మిరుదొడ్డిలో. తండ్రి నర్సయ్య రేకుపెట్టె చంకన పెట్టుకొని పొలాల వెంట తిరిగి, పనిచేసేవారి దగ్గరికే పోయి క్షౌరం చేసేవాడు. నాటువేసే వారికి మెడ మీద ఎండ పడుతుందని మెడ వెంట్రుకలు దించేవాడు. గొర్లకాపరికి మాడు దట్టంగా ఉంచేవాడు. ఒక వేసవిలో నర్సయ్య తల్లి కాలం చేసింది. ఆచారం ప్రకారం తల గొరిగించుకొని, దినాలు తీరగానే మళ్ళీ పెట్టె పట్టుకొని బయలుదేరాడు. మధ్యాహ్నానికి వడదెబ్బ తగిలి గట్టు మీద పడిపోయాడు. మూడు దినాలు తెలివి లేదు. లేచి కూర్చున్న తరువాత, పక్కన గంజి పట్టుకొని కూర్చున్న కొడుకుతో ఆయన అన్న మొదటి మాట ఇది: "ఎండకాలం ఎంటికలు తీసుడు కాదు బిడ్డా మన పని. ఎన్ని ఉంచాల్నో చూసుడు."

ఐలయ్య తన నలభై ఏండ్ల వృత్తిని ఆ మాట మీదనే నిలుపుకొన్నాడు. ఒకనాడు నేను, "మనిషినే అడిగితే సరిపోతుంది కదా, ఇంత పరిశోధన దేనికి?" అన్నాను.

"అడిగితె మనిషి సోకు సంగతి చెప్తడు సారూ, ఎండ సంగతి చెప్పడు. తల అబద్ధం చెప్పది."

ఆ మాటను నేను నలుగురి దగ్గర మెచ్చుకొన్నాను. అందులో ఒక లోపం ఉన్నదని ఆయనకు గాని నాకు గాని నిరుటి వైశాఖం దాకా తట్టలేదు.

మే రెండవ వారం, గురువారం. పన్నెండు దాటింది. దుకాణంలో నేనూ బాలరాజూ వంతు కోసం బల్ల మీద కూర్చున్నాము. తలుపు తోసుకొని ఒక మనిషి వచ్చాడు. ముప్పై ఏండ్లుంటాయి. తలకు తువ్వాల గట్టిగా చుట్టుకొన్నాడు. ఒంటినిండా వడ్ల నూగు. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి వచ్చి పడుతున్న కాలం. ఇతడు అక్కడ హమాలీ. తెల్లవారకముందు నుండి లారీలకు బస్తాలెత్తి నేరుగా వచ్చానని, పేరు గోపాల్ అని చెప్పాడు. ఈ దుకాణానికి రావడం అదే మొదటిసారి. నిలబడలేక గోడకు ఆనుకొన్నాడు. నా వంతు అతనికి ఇచ్చాను.

"గడ్డం చెయ్యి కాకా. బిడ్డకు గుచ్చుకుంటున్నదట, దగ్గరికి రానిస్తలేదు."

అంతే అన్నాడు. కూలరు గాలి తగిలింది. సబ్బునురగ సగం పూసేసరికి నిద్రపోయాడు.

ఐలయ్య గడ్డం చేసి, పటిక రాసి, ముఖం తుడిచాడు. తుడుస్తూ తువ్వాల ముడి విప్పాడు. జుట్టు జారి భుజాల మీద పడింది. రెండేండ్లుగా కత్తెర ఎరగని జుట్టు; కొనలు ఎండకు రాగిరంగు తిరిగినవి; నడుమనడుమ పొట్టు, నూగు. అలవాటు ప్రకారం అరచేయి మాడు మీద పెట్టాడు. వెంటనే తీశాడు.

"సారూ, పెంక తీరుగ కాలుతున్నది. మెడ సూడుండ్రి, అంత చెమటకాయలే. గోనె ఒరుసుకపోయి తోలు లేసింది."

"పాపం, సీజనులో తీరిక దొరికి ఉండదు," అన్నాను నేను.

ఆ మాట నేను అనకపోయినా ఆయన ఆగేవాడు కాడు. కాని అన్నాను గనుక చెబుతున్నాను.

మా ప్రాంతంలో మొక్కు ఉన్నవాడు తలతోపాటు గడ్డమూ పెంచుతాడు. గడ్డం చేయించుకొన్నవాని తల మీద ఉన్నది మొక్కుజుట్టు అయి ఉంటుందన్న అనుమానం మా ముగ్గురిలో ఎవరికీ కలగలేదు. ఐలయ్య కత్తెర తీశాడు. బస్తా అంచు ఒరుసుకోకుండా మెడ మీద రెండు వేళ్ళ ఎత్తు దిండు వలె విడిచాడు. చెవుల మీది జుట్టు పూర్తిగా ఎత్తివేశాడు. ఎడమవైపు అయింది, వెనుక అయింది, కుడివైపు అయింది. నడినెత్తికి రాబోతుండగా, కూలరు గాలి ఆ కొత్తగా బయటపడ్డ చెవుల వెనుక తగిలింది. గోపాల్ నిద్రలోనే చిన్నగా నవ్వాడు. ఆ చల్లదనం ఎంత హాయిగా ఉండెనో ఆ నవ్వు చెప్పింది. తరువాత తెల్లగుడ్డ కింది నుండి అతని చేయి మెల్లగా పైకి వచ్చింది. చెవిని తడిమింది. మెడను తడిమింది. కళ్ళు తెరిచి అద్దంలోకి చూశాడు.

"కాకా," అన్నాడు. గొంతు పెంచలేదు. "గవి కొమురెల్లి మల్లన్నయి."

ఐలయ్య కత్తెరను అద్దం ముందు పెట్టాడు. పెట్టేటప్పుడు చప్పుడైంది.

గోపాల్ చెప్పినది ఇది. అతని కూతురు రిషితకు నాలుగేండ్లు. పుట్టినప్పుడే కుడిపాదం లోపలికి తిరిగి ఉన్నది. పట్నంలో వైద్యులు నెలల తరబడి పట్టీలు కట్టి, ఆ తరువాత ప్రత్యేకమైన బూట్లు తొడిగి, పాదాన్ని నిదానంగా దారికి తెచ్చారు. పాపకు రెండేండ్లు నిండినప్పుడు గోపాల్ తల్లి దుర్గవ్వ కొమురవెల్లి మల్లన్నకు మొక్కింది. మనుమరాలు ఎవరి చేయీ పట్టుకోకుండా గుట్ట మెట్లెక్కిన నాడు కొడుకు తలనీలాలు ఇస్తానని. అందులో గడ్డం మాట లేదు. బూట్లు విప్పి నెల అయింది. మృగశిర చల్లబడ్డాక, కాలు ఇంకొంత గట్టిపడ్డాక పోదామని అనుకొన్నారు.

"ఇంక నెల రోజులే ఉండె," అన్నాడు గోపాల్. "నాదేం లేదు కాకా. అవ్వ సంగతే. మొక్కు తప్పితె బిడ్డ కాలు మళ్ళ తిరుగుతదని ఆమెకు రంది. రాత్రి లేచి లేచి కాలు తడిమి చూస్తది. గిప్పుడు ఆమెకు ఏమని చెప్పాలె?"

బాలరాజు కలగజేసుకొన్నాడు. "గడ్డం గీకిచ్చుకునేటోనికి మొక్కుంటదని ఎవలనుకుంటరు తమ్మీ? ఐలన్న తప్పేమున్నది?"

"నోరు మూయి బాలరాజు," అన్నాడు ఐలయ్య. "నేను అడుగలే. గంతే."

తరువాత ఆయన చేసిన మొదటి పని కూలరు ఆపడం. రెండవది పంకా ఆపడం. మూడవది తలుపు మూసి గడియ పెట్టడం. వెంట్రుక ఒక్కటి కూడా కదలకూడదు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. లోపల గాలి లేదు. పొద్దుటి నుండి ఆరుగురి తలవెంట్రుకలు ఆ నేల మీద రాలి ఉన్నాయి. గోపాల్ జుట్టు వాటిలో కలిసిపోయింది.

ఐలయ్య అల్మారాలో నుండి ఉతికిన తెల్లగుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. "కొనలు రాగి లెక్క ఉంటయి. పొడుగుంటయి. నూగు ఉంటది. నూగు దులుపద్దు, గదే మనకు గుర్తు," అని చెప్పి, నేల బండలను మాకు పంచాడు. కుర్చీ చుట్టూ ఉన్నవి తనకు, తలుపు వైపువి బాలరాజుకు, బల్ల ముందరి రెండు బండలు నాకు. గోపాల్‌ను కుర్చీలోనే కూర్చోమన్నాడు. అతడు కొంతసేపు కూర్చుని, ఉండలేక తానూ దిగి ఒక బండ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ఏరసాగాము. చెమట కళ్ళజోడు మీద కారి కనబడక, నేను దానిని విప్పి, నేలకు జానెడు దూరం దాకా వంగి చూశాను. బాలరాజు అంగీ విప్పి మూలన వేశాడు. ఒకసారి అతడు ఒక వెంట్రుకను ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

"గీయనెవలో రంగేస్తడు. పైన నలుపు, కింద తెలుపు. ఎవలే అన్నా?"

"పేరడుగకు. గది దుకాణం దాటి పోవద్దు."

గోపాల్ నవ్వాడు. ఆ మధ్యాహ్నం అతడు మెలకువతో నవ్వినది అప్పుడే. ఆ నవ్వు తరువాతనే ఫోను తీసి, "అవ్వా, జర పాత బస్టాండు ఎన్కకు రా. బిడ్డను గూడ తీస్కరా. ఏం గాలేదు, రా," అని చెప్పాడు.

దుర్గవ్వ వచ్చి తలుపు కొట్టేసరికి మా పని చివరికి వచ్చింది. ఐలయ్య గడియ తీసి, ఆమె లోపలికి రాగానే మళ్ళీ పెట్టాడు. చంకనున్న పాపను దించి, చెమటతో తడిసి నేల మీద కూర్చున్న మమ్మల్ని చూసి ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొన్నది.

"ఏందిర గాలి లేకుంట? పేకాట ఆడుతున్రా?"

అప్పుడు కొడుకు తల చూసింది. కొంగు జారిపోయింది. పాప మాత్రం తండ్రి దగ్గరికి నడిచిపోయింది. కుడికాలు కొంచెం ఆలోచించి వేస్తుంది, కాని వేస్తుంది. నున్నని చెంపను తడిమి, అటూ ఇటూ చూసి, "బాపు, నీ చెవులు కనవడ్డయి," అన్నది. పుట్టి బుద్ధి తెలిసిన తరువాత ఆ పాప తండ్రి చెవులను చూడలేదు.

దుర్గవ్వ ఐలయ్య వైపు తిరిగింది. "కత్తెర పెట్టింది నువ్వేనా?"

"నేనే అక్కా."

"ఏ ఊరు నీది?"

"మిర్దొడ్డి."

"మిర్దొడ్డోళ్ళకు నోర్లుండయా? చెయ్యికున్న తెలివి నోటికి లేకపాయె. ఒక్క మాట, ఒక్క మాట అడుగరాదు?"

"అడుగకపోవుడే నా తప్పు. నిద్రల ఉన్న మనిషి తల నాదనుకున్న. నా తల గూడ నీ మొక్కుల కలుపుకో అక్కా, దేవునికి నేనిస్త."

"నీ తలకాయ నాకెందుకు? నీ తల కోసం మొక్కిన్నా నేను?"

ఐలయ్య బల్ల మీది గుడ్డను రెండు చేతులతో ఎత్తి ఆమె ముందు పెట్టాడు. అప్పటికే ఆయన ఆ వెంట్రుకలను కొనలు ఒకవైపు, మొదళ్ళు ఒకవైపు వచ్చేటట్లు వరుసగా పేర్చి, నడుమ తెల్లదారంతో కట్టి ఉంచాడు. దుర్గవ్వ కూర్చున్నది. కట్టను చేతిలోకి తీసుకొని, వేలితో నిమిరి చూసింది. వేలికి పొట్టు అంటింది.

"నూగు దులుపలేదేంది?"

"నూగు ఉంటేనే గోపాల్‌వి అని ఎరుక," అన్నాడు ఐలయ్య. "దులుపుమంటె దులుపుత."

ఆమె మా అందరి వైపు చూసింది. కొడుకు మోకాళ్ళ మీద బండల గుర్తులు పడి ఉన్నాయి. బాలరాజు వీపు మీద నుండి చెమట కారుతున్నది. నా చేతిలో ఇంకా రెండు వెంట్రుకలున్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకొని ఉన్నాను. ఆమె చేయి చాపి వాటిని తీసుకొని కట్టలో దోపింది.

"ఉండనీ," అన్నది చివరికి. "మూటలు మోసి బిడ్డకు కట్లు కట్టిచ్చిండు. గా నూగు గూడ మల్లన్నకు చేరనీ."

రొంటిన దోపుకొన్న చిన్న సంచి తీసి, మల్లన్న బండారి చిటికెడు కట్ట మీద చల్లింది. పసుపు ఆ రాగి కొనల మీద పడింది. గుడ్డను ముడివేసి లేచింది.

"మృగశిర దాకెందుకు. గీ ఆదివారమే పోదాం. పిల్ల ఎక్కుతె మొక్కు దక్కినట్టు. నువ్వు గూడ రావాలె. కింద ఎట్ల పడ్డయో మల్లన్నకు నువ్వే చెప్పాలె."

"వస్త," అన్నాడు ఐలయ్య.

ఆదివారం తెల్లవారగానే బస్సెక్కాము. రెండు బండలు ఏరినవాణ్ణి గనుక నేనూ పోయాను. బాలరాజు సెలవు పెట్టి వచ్చి, మరొకరు నడుపుతున్న బస్సులో కూర్చొని దారి పొడుగునా ఆ డ్రైవరును మనసులో దిద్దుతూనే ఉన్నాడు.  ఐలయ్య భయం నాకు తెలుసు. పాప ఎక్కితే తన తప్పు ఒక మూటలో ముడిపడి ముగిసిపోతుంది. ఎక్కలేకపోతే, ఆ ముసలితల్లి జీవితాంతం తన కత్తెరనే తలచుకొంటుంది.

గుట్ట కింద దుర్గవ్వ మనుమరాలి చేయి విడిచింది. "ఎక్కు బిడ్డా. ఎవలం పట్టుకోం."

రిషిత ఎక్కింది. ఎడమకాలు ముందు వేసి, కుడికాలును దాని పక్కకు తెచ్చి, ఒక్కొక్క మెట్టే. జనం పక్కల నుండి పోతున్నారు. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ ఆగి, వెనుకకు తిరిగి, మెట్టు మీద కూర్చున్నది. లేవనన్నది. గోపాల్ చేతులు చాపాడు. దుర్గవ్వ అతని మోచేయి పట్టుకొన్నది.

"ముట్టకు."

ఎవరమూ కదలలేదు.  అప్పుడు ఐలయ్య రెండు మెట్లు ఎక్కి, ఆమె పక్కనే కూర్చున్నాడు. జేబులో నుండి దువ్వెన తీశాడు.

"నీ జుట్టంత చెదిరింది పిల్లా. దేవుని ముందటికి గిట్లనే పోతవా?"

పాప తల అడ్డంగా ఊపింది.

"మరి పాపిడి నడుమ తియ్యాల్నా, పక్కకు తియ్యాల్నా?"

అది వైశాఖ మాసం. ఐలయ్య ఎండాకాలంలో ఒకరిని ఇట్లా అడగగా నేను వినడం అదే మొదలు. పాప చాలా సేపు ఆలోచించింది.

"పక్కకు."

"ఏ పక్కకు?"

"గీ పక్కకు."

ఆమె చూపిన పక్కకే పాపిడి తీసి, చెవుల వెనుకకు దువ్వి, దువ్వెన వెనుక అంచుతో ఆ గీతను సరిచేసి, "అయిపాయె," అన్నాడు. రిషిత లేచి నిలబడింది. చేయి వేసి తల తడిమి చూసుకొన్నది. మిగిలిన మెట్లన్నీ ఎక్కింది. చివరి మెట్టు మీద దుర్గవ్వ కూలబడి, మనుమరాలి కుడిపాదాన్ని రెండు చేతులతో పట్టుకొని, నుదుటికి ఆనించుకొన్నది. ఆమె అప్పుడు ఏడ్చింది. ఎవరమూ వద్దనలేదు.

గోపాల్ నడినెత్తి మీద మిగిలిన జుట్టును అక్కడి క్షురకుడు తీశాడు. దానితోపాటు గుడ్డలోని కట్టనూ దుర్గవ్వ దేవునికి సమర్పించింది. ఐలయ్య చేతులు జోడించి, పెదవులు కదుపుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఏమి చెప్పుకొన్నాడో మేము అడగలేదు. తరువాత వరుసలో పోయి, తానూ ఆ పీట మీద కూర్చున్నాడు.

"నీకేం మొక్కున్నదే పెద్దమనిషీ?" అని అడిగాడు అక్కడి మనిషి.

"అడుగకుండ కత్తెర పెట్టిన మొక్కు," అన్నాడు.

ఎండ అప్పటికే ఎక్కింది. దుర్గవ్వ ఆయన నున్నని తల చూసి, సంచిలో నుండి కొత్త తువ్వాల తీసి, బాటిల్ నీళ్ళతో తడిపి పిండి, ఆయన తల మీద తానే కప్పింది.

"మూసుకో తమ్మీ. వడదెబ్బ తాకుతది."

గట్టు మీద పడిపోయిన నర్సయ్య సంగతి ఆమెకు తెలియదు. ఐలయ్య తువ్వాల కొనలు రెండు చేతులతో పట్టుకొని తల వంచుకొన్నాడు. తిరుగు ప్రయాణంలో ఆయన నాతో అన్నది ఒకే మాట: "సారూ, ఆమె నన్ను తమ్మీ అన్నది, ఇన్నరా?"

ఆ మే నెలంతా దుకాణంలో ఆయనకు ఎగతాళి తప్పలేదు. గుండు అడిగి తిట్లు తిన్న కుర్రవాళ్ళందరూ పనిగట్టుకొని వచ్చారు.

"కాకా, ఇంటి కప్పు ఏది?"

"గాలికి లేసిపోయింది. లోపట ఎంత కాలుతదో నాకు ఎరుక గనుకనే మీకు వద్దంటున్న. కూసో."

మధ్యాహ్నం ఒంటిగంటకు దుకాణం మూసి, తడి తువ్వాలలు రెండు డబ్బాలో పెట్టుకొని, కొనుగోలు కేంద్రానికి నడిచిపోయేవాడు. ఒకటి తన తలకు, ఒకటి గోపాల్ తలకు. వడ్ల లారీలు ఆగిపోయేదాకా ఒక్కనాడూ మానలేదు. దుర్గవ్వ అప్పుడప్పుడు అంబలి పంపేది. అది తాగి వచ్చి మాకు దాని రుచి వర్ణించేవాడు.

పని పద్ధతిలో మార్పు ఒకటే. అరచేయి మాడు మీద పెట్టడం, చెవుల వెనుక చూడడం, పొద్దు ఏ దిక్కున పడుతుందో లెక్కకట్టడం, అన్నీ వెనుకటి వలెనే ఉన్నాయి. కత్తెర తీసేముందు మాత్రం ప్రతి ఒక్కరినీ అడుగుతాడు: "మొక్కేమన్న ఉన్నదా?" నన్నూ అడుగుతాడు. నా నడినెత్తి మీద దేవునికి ఇవ్వదగినదేదీ లేదని ఆయనకు తెలుసు. అయినా అడిగి, నేను లేదనేదాకా ఆగుతాడు. నిద్రలో ఉన్నవానిని లేపి అడుగుతాడు.

ఈ సంవత్సరం మే మొదటి వారంలో నేను పోయేసరికి గోపాల్ కుర్చీలో ఉన్నాడు. తువ్వాల లేదు, ఏడాది జుట్టు, ఒంటినిండా ఎప్పటి నూగు. రిషిత బల్ల మీద కూర్చొని కాళ్ళు ఊపుతున్నది. రెండు కాళ్ళకూ మామూలు చెప్పులు. నాకు జాగా ఇవ్వడానికి పక్కకు జరిగింది.

ఐలయ్య తెల్లగుడ్డ చుట్టాడు. "మొక్కేమన్న ఉన్నదా కొడుకా?"

"ఏం లేదు కాకా. ఉన్నది తీరింది. నేను జరసేపు పండుకుంట."

అని కళ్ళు మూసుకొన్నాడు. నురగ పూయకముందే నిద్రపోయాడు. ఐలయ్య అరచేయి మాడు మీద ఆనించి, మామూలుకన్న ఎక్కువసేపు అట్లాగే ఉన్నాడు. కత్తెర తీసి, ఎందుకో ఆగి, బల్ల వైపు తిరిగాడు.

"ఏం పిల్లా, మీ బాపుకు ఎట్ల కొట్టమంటవ్?"

"చెవులు కనవడాలె," అన్నది రిషిత.

ఐలయ్య కూలరును కొంచెం గోపాల్ వైపు తిప్పి, ఎడమచెవి దగ్గర మొదలుపెట్టాడు.